పెద్దవాళ్లకు, దివ్యాంగులైన వయోజనులకు డే కేర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పగటిపూట పెద్దవాళ్లను, వైకల్యం ఉన్న పెద్ద వయసు పిల్లలను చూసుకునే కేంద్రాల గురించి కుటుంబాలు అడిగే ప్రశ్నలివి. డే కేర్ పనిలో ఉంటూ రోజూ వినేవే. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు సరిపోతుంది. కొన్నిటికి కూర్చుని మాట్లాడాలి.

డే కేర్ అంటే వృద్ధాశ్రమమేనా?

కాదు. వృద్ధాశ్రమంలో మనిషి తిండీ పడకా అక్కడే. డే కేర్‌కి పొద్దున టిఫిన్ చేసి వస్తారు, సాయంత్రం టీ తాగి ఇంటికి వెళ్లిపోతారు. రాత్రి భోజనం, నిద్ర, పండగలు, మనవల గొడవ అన్నీ ఇంట్లోనే. అందరూ ఆఫీసులకూ బడులకూ వెళ్లిపోయాక ఇంట్లో మిగిలే ఆ ఆరేడు గంటలు మనిషి ఒంటరిగా ఉండిపోకుండా, జారిపడకుండా, మందు మర్చిపోకుండా చూసుకోవడమే ఈ కేంద్రాల పని.

అన్నీ ఒకే రకం కావు. కొన్నిచోట్ల కబుర్లు, ఆటలు, భోజనం మాత్రమే ఉంటాయి. తన పని తాను చేసుకోగలిగేవాళ్లకు అవి చాలు. కొన్నిచోట్ల నర్సు, ఫిజియోథెరపిస్టు ఉంటారు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల కోసం, మేధో వైకల్యం (వయసుకు తగ్గట్టు బుద్ధి ఎదగకపోవడం) ఉన్నవాళ్ల కోసం విడిగా నడిచేవి ఇంకొన్ని. ఫోన్ చేసినప్పుడు ముందు అడగాల్సింది ఫీజు సంగతి కాదు, అది వీటిలో ఏ రకమో అడగండి.

అమ్మను డే కేర్‌కి పంపుతున్నామంటే బంధువులు ఏమంటారు?

ఏదో ఒకటి అంటారు. "కన్నతల్లికి ఇంత ముద్ద పెట్టలేకపోయారా" అనేవాళ్లు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. కానీ రాత్రి రెండు గంటలకు తడిసిన దుప్పటి మార్చేది వాళ్లు కాదు. మన ఇళ్లలో ఆ పని ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. కోడలు ఉద్యోగం మానేస్తుంది, లేదా పెళ్లికాని కూతురు ఇంటికే పరిమితమైపోతుంది. ఏడాది తిరిగేసరికి ఆవిడ నడుము పోతుంది, నిద్ర పోతుంది, మాటలో విసుగు మొదలవుతుంది. ఆ విసుగు పెద్దావిడకు తెలుస్తుంది. మాటలు గుర్తులేనివాళ్లకు కూడా గొంతులో తేడా తెలుస్తుంది.

నేను చూసినంతలో, ముందుగానే డే కేర్‌కి వచ్చిన కుటుంబాలు పెద్దవాళ్లను ఎక్కువ కాలం ఇంట్లోనే ఉంచుకోగలుగుతున్నాయి. "మేమే చూసుకుంటాం" అని పట్టుబట్టి, చివరికి ఓపిక అయిపోయి, ఒకరోజు హడావిడిగా ఆశ్రమం వెతుక్కునేవాళ్లే ఎక్కువ బాధపడుతున్నారు. అందుకే మాకు దొరికిన ప్రతివాళ్లకూ చెబుతాం: చేతులెత్తేసే దాకా ఆగకండి. ఇంకా ఓపిక ఉన్నప్పుడే, మనిషికి కొత్త చోటు అలవాటు చేసుకునే శక్తి ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఎవరికి పనికొస్తుంది? ఎవరిని చేర్చుకోరు?

పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు, మతిమరుపు మొదలైనవాళ్లు, భార్యో భర్తో పోయాక మాటామంతీ తగ్గిపోయినవాళ్లు, స్పెషల్ స్కూల్ వయసు దాటిన యువతీయువకులు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే వైకల్యం), ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న వయోజనులు వస్తుంటారు. వీల్‌చైర్ అడ్డు కాదు, డైపర్ అడ్డు కాదు. అయినా ముందే చెప్పండి, దాచిపెట్టి చేర్చకండి.

పూర్తిగా మంచం పట్టినవాళ్లకు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు, పుండ్లకు రోజూ డ్రెస్సింగ్ కావలసినవాళ్లకు ప్రయాణమే నరకం. వాళ్లకు ఇంటికి వచ్చే నర్సు మేలు. జ్వరం, దగ్గు, విరేచనాలు ఉన్న రోజున ఎవరినీ పంపకండి. అక్కడ ఉన్నవాళ్లందరూ తేలిగ్గా జబ్బుపడే వయసువాళ్లే.

మా నాన్నగారు "నేను రాను, నాకేం రోగం" అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

ఇది అందరూ అడిగే ప్రశ్న. ఆయన కోపంలో న్యాయం ఉంది. ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి ఇంటిని నడిపిన మనిషిని ఒక పొద్దున ఆటోలో ఎక్కించి "అక్కడ కూర్చో" అంటే ఎవరికైనా కోపం వస్తుంది. ముందు ఆయనతో మాట్లాడాలి. ఇంట్లో అందరూ నిర్ణయించేసి చివర్లో చెప్పకూడదు.

మొదటిసారి మీరూ వెళ్లండి. రెండు గంటలు పక్కనే కూర్చుని, టీ తాగి, కలిసి ఇంటికి వచ్చేయండి. రెండోసారి మీరు బయట వరండాలో ఉండండి. అలా నెమ్మదిగా పూట, తర్వాత రోజు. వారానికి రెండు రోజులతో మొదలుపెడితే చాలామంది నిలబడతారు. మొదటి రెండు వారాలు అదే సమయం, అదే కుర్చీ, ఎదురొచ్చే మనిషి కూడా అదే అయితే మంచిది.

ఇక అసలు సంగతి, ఆయనకు అక్కడ ఒక పని ఉండాలి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒకాయన లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడేవారు. బతిమాలితే ఇంకా బిగుసుకునేవారు. ఒకరోజు హాజరు పుస్తకం, పెన్నూ ఇచ్చి "సార్, వచ్చినవాళ్ల పేర్లు రాసిపెట్టండి" అని అడిగాం. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆపి, పేరు అడిగి, టైము వేసి రాశారు. భోజనాల వేళకు ఆ పుస్తకం చంకలో పెట్టుకుని లోపలికి వచ్చి, ఎంతమంది ఉన్నారో వంటావిడకు లెక్క చెప్పారు. ఆ రోజు నుంచి ఆయన వస్తున్నది డే కేర్‌కి కాదు, డ్యూటీకి. కాబట్టి చేర్చేటప్పుడు జబ్బుల చరిత్రతో పాటు ఆయన ఏం పని చేసేవారో, దేనికి పొంగిపోతారో, ఏ మాటకు చిర్రెత్తుతుందో కూడా రాసి ఇవ్వండి.

ఒకటి మాత్రం చేయకండి. ఆయన అటు చూస్తుండగా చెప్పకుండా జారుకోవద్దు. "సాయంత్రం అయిదింటికి వస్తా నాన్నా" అని ఒక్క మాట చెప్పి వెళ్లండి, అయిదింటికే రండి.

అక్కడ రోజంతా ఏం చేస్తారు? టీవీ పెట్టి కూర్చోబెడతారా?

టీవీ తప్ప ఇంకేమీ లేని చోటికి పంపకండి.

బాగా నడిచే చోట రోజుకు ఒక తీరు ఉంటుంది. రాగానే బీపీ, అవసరమైనవాళ్లకు షుగర్ చూస్తారు. రాగిజావో మజ్జిగో ఇస్తారు. ఒకరు పేపరు చదువుతుంటే మిగతావాళ్లు వింటారు, రాజకీయాల మీద వాదన మొదలవుతుంది. ఆ వాదన మంచిదే, మెదడుకు అంతకంటే వ్యాయామం లేదు. తర్వాత కుర్చీలో కూర్చునే చేసే వ్యాయామాలు, పదకొండు గంటలకు చేతి పనులు, భోజనం, కాసేపు కునుకు, అష్టాచెమ్మా, వైకుంఠపాళి, భజన, ఘంటసాల పాటలు, టీ.

చేతి పనుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బయటివాళ్లకు అవి కాలక్షేపంలా కనిపిస్తాయి. కొడుకు పేరు అడిగితే తడుముకునే ఒకావిడ ముందు దూది, చిటికెడు విబూది పెట్టి చూడండి. దూదిని సాగదీసి, విబూదిలో వేళ్లు అద్దుకుని, అరచేతిలో ఒక్క రాపిడితో వత్తి చేసేస్తారు. ఎక్కడా తడబాటు ఉండదు. పేర్లను, నిన్నటి సంగతులను మోసే జ్ఞాపకం ముందు చెదిరిపోతుంది. చేతులకు అలవాటైన పని చాలా కాలం నిలుస్తుంది. అందుకే చిక్కుడుకాయల ఈనెలు తీయడం, కరివేపాకు దూయడం, చీర మడత పెట్టడం, మల్లెలు కట్టడం లాంటివి ఇస్తారు. చేయగలిగిన పని చేతిలో ఉన్నంతసేపు మనిషిలో కంగారు తగ్గుతుంది. కట్టిన మాల దేవుడి పటానికి వెళ్లాలి, ఒలిచిన చిక్కుళ్లు ఆ రోజు కూరలోకి వెళ్లాలి. చేసింది చెత్తబుట్టలోకి పోతే వాళ్లకు తెలిసిపోతుంది.

మా తమ్ముడికి 24 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. స్పెషల్ స్కూల్ అయిపోయింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. వాడికి ఏం దారి?

ఈ వయసువాళ్ల గురించి మన దగ్గర ఆలోచించేవాళ్లు చాలా తక్కువ. పద్దెనిమిది దాటగానే బడి తలుపు మూసుకుంటుంది. మండలాల్లో దివ్యాంగుల కోసం ఉన్న భవిత కేంద్రాలు కూడా బడి వయసు పిల్లలవే. అంతవరకు పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్లిన అబ్బాయి ఒక్కసారిగా ఇంట్లో, ఫోన్ ముందు కూర్చుంటాడు. బరువు పెరుగుతాడు, బడిలో నేర్చుకున్నది ఒక్కొక్కటే మర్చిపోతాడు, కోపం ఎక్కువవుతుంది. తల్లిదండ్రులకు అప్పటికే యాభై దాటుతుంది.

ముందు ఏం చేయగలడో అంచనా వేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ 1984 నుంచి మేధో వైకల్యం మీద పనిచేస్తోంది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ పాత పేరుతో ఎన్‌ఐఎంహెచ్ అంటారు. పరీక్షలు చేసి, వృత్తి శిక్షణకు పనికొస్తాడా, పగటి సంరక్షణ కావాలా, రెండూ కలిపి కావాలా అని చెబుతారు.

ఇక నేషనల్ ట్రస్ట్. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ ఇది. పదేళ్లు దాటినవాళ్ల పగటి సంరక్షణ కోసం వికాస్ పేరుతో పథకం పెట్టింది. రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలు దాన్ని నడుపుతాయి. మీ జిల్లాలో ఆ ట్రస్ట్ కింద నమోదైన సంస్థలు ఏవో కలెక్టరేట్‌లో దివ్యాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి.

సెంటర్‌కి వెళ్లాక ఒకటి గమనించండి. పాతికేళ్ల మనిషిని "బుజ్జీ, చిన్నా" అంటున్నారా, పేరు పెట్టి పిలుస్తున్నారా? రంగుల పుస్తకం ఇచ్చి కూర్చోబెడుతున్నారా, విస్తళ్లు కుట్టడం, కాగితం సంచులు చేయడం, కవర్లలో సరుకు తూకం వేసి నింపడం లాంటి పని నేర్పుతున్నారా? చేసినదానికి ఎంతో కొంత డబ్బు చేతికిస్తున్నారా? నెలాఖరున తన డబ్బుతో తనే కొట్టుకెళ్లి షేవింగ్ క్రీమ్ కొనుక్కోవడం మీ తమ్ముడికి పెద్ద విషయం. మనకది చిన్నదిగా అనిపించవచ్చు. బస్సెక్కడం, చిల్లర లెక్కపెట్టుకోవడం, గడ్డం గీసుకోవడం, ఎవరైనా తాకకూడని చోట తాకితే "వద్దు" అని గట్టిగా అనడం, ఈ వయసుకు ఇవే అసలు చదువు.

పెద్దవాళ్లనూ దివ్యాంగులైన యువతనూ ఒకే చోట ఉంచడం మంచిదేనా?

గదులు, పనులు విడిగా ఉండి భోజనం, భజన, పండగలు కలిసి జరిగితే మంచిదే. డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి బామ్మగారికి మంచినీళ్ల గ్లాసు అందిస్తుంటే ఇద్దరికీ లాభమే. అందరినీ ఒకే హాల్లో కలిపేస్తే మాత్రం కుదరదు. ఆటిజం ఉన్నవాళ్లకు మోత పడదు, చెవి వినపడని పెద్దాయనకు టీవీ గట్టిగా ఉండాలి.

మామగారికి మతిమరుపు. సాయంత్రం అయ్యేసరికి ఇంట్లోనే ఉండి "ఇంటికి పోతా" అంటారు. డే కేర్‌తో ఇది పెరుగుతుందా?

పొద్దువాలేటప్పుడు కంగారు పెరగడం ఈ జబ్బులో మామూలే. పగలంతా కునుకు తీసి, వెలుతురు చూడక, ఏ పనీ లేకుండా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పగలు ఎండ తగిలి, నడిచి, నలుగురితో మాట్లాడి వచ్చిన రోజున చాలామంది రాత్రి బాగా నిద్రపోతారు. అయితే మొదటి కొన్ని రోజులు కొత్త చోటు వల్ల కంగారు కాస్త పెరగవచ్చు. రెండు మూడు వారాలు చూసి నిర్ణయించుకోండి. ఇలాంటివాళ్లను చీకటి పడకముందే ఇంటికి చేర్చడం మంచిది.

"ఇంటికి పోతా" అన్నప్పుడు "ఇదే మన ఇల్లు" అని వాదించకండి. "సరే మామయ్యా, టీ తాగి వెళ్దాం" అంటే సర్దుకుంటారు. ఆయన అడుగుతున్న ఇల్లు యాభై ఏళ్ల కిందటిది కావచ్చు.

ఇది మీ ఇంటి ఒక్కదాని బాధ కాదు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉందని 2023లో అచ్చయిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి "వయసుతో వచ్చే మరుపే" అని వదిలేయకుండా ఒకసారి న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించి, ఆ తర్వాత డే కేర్ ఆలోచించండి. థైరాయిడ్, బి12 లోపం, కుంగుబాటు వల్ల వచ్చే మరుపు మందులతో తగ్గే అవకాశం ఉంది.

జేబులో పేరు, మీ ఫోన్ నంబరు రాసిన కార్డు తప్పనిసరి. మతిమరుపు ఉన్నవాళ్లు గేటు తీసి ఉంటే నడుచుకుంటూ వెళ్లిపోతారు.

సెంటర్ చూడ్డానికి వెళ్తే ఏం చూడాలి?

ముందు బాత్రూం చూడండి. రిసెప్షన్, గోడ మీది ఫొటోలు తర్వాత. కమోడ్‌కు రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలున్నాయా? నేల తడిగా ఉందా? తలుపు బయటికి తెరుచుకుంటుందా? లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి పడిపోయి దానికి అడ్డం పడితే తీయడం కష్టం. గడియ బయటి నుంచి తీయగలరా? వీల్‌చైర్ లోపల తిరుగుతుందా?

వెళ్లే సమయం కూడా ముఖ్యం. పొద్దున పదింటికి ఎక్కడైనా శుభ్రంగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి చెప్పకుండా వెళ్లండి. వాసన వస్తోందా? మనుషులు కుర్చీల్లో ఒకపక్కకు ఒరిగిపోయి ఉన్నారా? అక్కడి ఆయా "ఏయ్ ముసలాయనా కూర్చో" అంటోందా, "కూర్చోండి తాతగారూ" అంటోందా?

ఎంతమందికి ఎంతమంది ఆయాలున్నారో అడగండి, జవాబు విన్నాక ఇంకో ప్రశ్న వేయండి: "ఇద్దరికి ఒకేసారి బాత్రూంకి వెళ్లాల్సి వస్తే మిగతావాళ్ల దగ్గర ఎవరుంటారు?" వెంటనే సమాధానం చెప్పగలిగితే వాళ్లు ఆ సంగతి ఆలోచించారన్నమాట. గత ఏడాది ఎంతమంది సిబ్బంది మానేశారో కూడా అడగండి. మనుషులు నెలనెలా మారిపోయే చోట పెద్దవాళ్లు కుదురుకోలేరు.

వ్యాన్‌లో డ్రైవరు కాకుండా తోడు మనిషి ఉండాలి. మెట్టు ఎత్తు తక్కువగా ఉండాలి. పై అంతస్తులో ఉంటే కరెంటు పోయినప్పుడు లిఫ్ట్ సంగతేమిటో అడగండి.

ఇన్ని చూడమని చెప్పడానికి కారణం ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అది జిల్లాకో వృద్ధాశ్రమం గురించి మాట్లాడుతుంది, పోషణ భత్యం గురించి మాట్లాడుతుంది. పగటి సంరక్షణ ఎలా ఉండాలో చెప్పదు. ఆ లోటు తీర్చే ప్రయత్నంగా 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు చట్టం కాలేదు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం. హోటల్ పెట్టాలంటే లైసెన్సు కావాలి, కదల్లేని మనిషిని చూసుకునే చోటికి అంత పట్టింపు లేకపోయింది. దివ్యాంగుల సంస్థల విషయంలో కాస్త నయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

మా చెల్లెలికి మాటలు రావు. ఆమె భద్రత ఎలా?

మొహమాటం పక్కనపెట్టి అడగాల్సిన ప్రశ్న ఇది. ఆడవాళ్లకు స్నానం, డైపర్, ప్యాడ్ మార్చేది ఆడ ఆయాలే అయి ఉండాలి. సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ జరిగి ఉండాలి. ఎవరితోనూ ఒంటరిగా మూసిన గదిలో ఉంచకూడదు, వ్యాన్‌లో చివరగా దిగేది ఆమె కాకూడదు. హాల్లో, వరండాలో కెమెరాలు ఉండాలి. బాత్రూంలో ఉండకూడదు.

ఇంటికి వచ్చాక స్నానం చేయిస్తూ ఒళ్లంతా గమనించండి. కొత్త గాయం, ఒక మనిషిని చూడగానే ముడుచుకుపోవడం, అకస్మాత్తుగా పక్క తడపడం, తిండి మానేయడం కనిపిస్తే ఊరుకోకండి. మాట రానివాళ్లు అలాగే చెబుతారు. అనుమానం నిజమో కాదో తేలేదాకా పంపకండి, పోలీసులకు ఫిర్యాదు చేయడానికి వెనకాడకండి.

మందులు, ఇన్సులిన్, ఫిట్స్ సంగతి?

మందులు డబ్బాలో విడిగా పోసి కాకుండా స్ట్రిప్‌తో సహా, డాక్టరు చీటీ నకలుతో పంపండి. ఏ మాత్ర అన్నానికి ముందో ఏది తర్వాతో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు భోజనం ఆలస్యం కాకూడదు. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే షుగర్ పడిపోయిందేమో చూడాలని సిబ్బందికి తెలుసో లేదో అడగండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, టైము చూడాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. తాళాలు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఉపయోగం లేదు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

తింటుంటే పొలమారుతోంది. అక్కడ భోజనం పెట్టనివ్వచ్చా?

పక్షవాతం, పార్కిన్సన్స్, ముదిరిన డిమెన్షియా, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లలో మింగడం కష్టమవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు, ఒకటి మింగాకే రెండోది. పలుచటి చారు, నీళ్లు చిక్కటి పప్పన్నం కన్నా తొందరగా పొలమారతాయి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఎలా తినిపించాలో చేర్చే రోజున మీరే చేసి చూపించండి. ఒక పూట తినిపించేటప్పుడు పక్కనుండి చూడండి. తొందరపెట్టేవాళ్లయితే వేరే చోటు చూసుకోవడమే మంచిది.

ఖర్చెంత? ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

ఊరిని బట్టి, సేవను బట్టి ఫీజు మారుతుంది. స్వచ్ఛంద సంస్థల్లో కొన్ని ఉచితంగా, కొన్ని ఆదాయాన్ని బట్టి తీసుకుంటాయి. వ్యాన్, భోజనం, ఫిజియోథెరపీ, డైపర్లు ఫీజులో కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. రాని రోజులకు డబ్బు కట్టాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

డే కేర్ ఫీజు కట్టే ప్రభుత్వ పథకం మన రెండు రాష్ట్రాల్లో అందరికీ అందుబాటులో లేదు. పెన్షన్‌ను దానికి వాడుకునేవాళ్లే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ నెలకు 4,000, దివ్యాంగులకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023 నాటి పెంపుతో దివ్యాంగుల పెన్షన్ 4,016 అయింది. వైకల్యం 40 శాతం లేదా ఎక్కువ అని సదరం సర్టిఫికెట్ గానీ యుడీఐడీ (కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు) కార్డు గానీ ఉండాలి. ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి, మిగతా తలుపులన్నీ దానితోనే తెరుచుకుంటాయి.

నేషనల్ ట్రస్ట్ పరిధిలోని నాలుగు వైకల్యాలవాళ్లకు నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీలకు కూడా కొంత వస్తుంది. వయసు పరిమితి లేదు, ముందస్తు వైద్య పరీక్షలు లేవు. ఇంత మంచి పథకం చాలా ఇళ్లకు తెలియదు. 70 నిండినవాళ్లకు 2024లో వచ్చిన ఆయుష్మాన్ ఆరోగ్య బీమా కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడే పనిచేస్తుంది, డే కేర్‌కి కాదు.

చేతికర్ర, వాకర్, వీల్‌చైర్, వినికిడి యంత్రం కొనలేకపోతే రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్యాంపుల్లో పేద వృద్ధులకు ఉచితంగా ఇస్తారు. ఆ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది.

ఆదాయపు పన్ను పాత విధానంలో కట్టేవాళ్లకు, తమపై ఆధారపడిన దివ్యాంగుల పోషణకు 75,000, వైకల్యం 80 శాతం లేదా ఎక్కువైతే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది. ఆడిటర్‌ను అడగండి.

మా అబ్బాయికి 19 నిండాయి. చేరిక ఫారం మీద తండ్రిగా నేను సంతకం చేస్తే చాలదా?

సెంటర్లు సాధారణంగా తీసుకుంటాయి. కానీ చట్టం దృష్టిలో 18 దాటాక తల్లిదండ్రులు దానంతటదే సంరక్షకులుగా కొనసాగరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల విషయంలో కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ లీగల్ గార్డియన్‌ను నియమిస్తుంది. బ్యాంకు ఖాతా, ఆస్తి, ఆపరేషన్ సంతకం అవసరం పడినప్పుడు ఆ ఉత్తర్వు లేక ఇబ్బంది పడతారు. మీ తర్వాత ఎవరన్న ఆలోచన కూడా అందులోనే మొదలవుతుంది, కాబట్టి వాయిదా వేయకండి. అబ్బాయికి ఏమిష్టమో కూడా అడగండి, అతను తన పద్ధతిలో చెప్పగలడు.

మా ఊళ్లో అసలు సెంటరే లేదు.

చాలా ఊళ్ల పరిస్థితి ఇదే. హైదరాబాద్, విజయవాడ, విశాఖ దాటితే వెతుక్కోవాలి. ముందు 14567కి ఫోన్ చేయండి, అది వయోవృద్ధుల కోసం కేంద్రం నడిపే ఉచిత ఎల్డర్‌లైన్. దగ్గర్లో ఏమున్నాయో చెబుతారు. చూసుకునేవాళ్లే మానసికంగా నలిగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంకో దారి, కొన్ని కుటుంబాలు కలవడం. ఒకే వీధిలో ముగ్గురు పెద్దవాళ్లుంటే ఒకరి ఇంటి కింది హాలు, అందరూ కలిసి జీతమిచ్చే ఒక ఆయా, వంతులవారీ భోజనం సరిపోతాయి. బాత్రూంలో కడ్డీలు వేయించడం, గేటుకు గడియ, 108 నంబరు గోడమీద, మందుల చీటీ. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నడిచినా ఇంట్లో ఉన్న ఆవిడ బ్యాంకుకో ఆసుపత్రికో వెళ్లి రాగలుగుతుంది. చాలా పట్టణాల్లో పెన్షనర్ల సంఘం భవనాలు పగలు ఖాళీగా ఉంటాయి. అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు.

మేం అమెరికాలో ఉన్నాం. అమ్మానాన్నలు ఇక్కడికి వస్తే ఇక్కడి డే కేర్‌కి పంపవచ్చా?

పంపవచ్చు. న్యూజెర్సీ లాంటి చోట్ల భారతీయ భోజనం పెట్టే సెంటర్లు ఉన్నాయి. డబ్బు సంగతి వేరు. అక్కడ పెద్దవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, మామూలు మెడికేర్, అడల్ట్ డే కేర్‌కి చెల్లించదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే మెడికెయిడ్ చాలా రాష్ట్రాల్లో చెల్లిస్తుంది గానీ గ్రీన్ కార్డు వచ్చాక సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు అది లేదు, సొంత డబ్బే. అక్కడి పెద్దవాళ్లకు జబ్బుల కంటే ఒంటరితనమే ఎక్కువ కష్టం. డ్రైవింగ్ రాదు, టీవీలో తెలుగు తప్ప మాట్లాడే తెలుగు మనిషి ఉండరు. వారానికి రెండు రోజులైనా నలుగురిలోకి వెళ్లే ఏర్పాటు చేయండి.

అమ్మానాన్నలు ఇండియాలోనే ఉండి మీరు అక్కడుంటే, సెంటర్ వాళ్ల వాట్సాప్ ఫొటోలతో సరిపెట్టుకోకండి. నెలకోసారి చెప్పకుండా వెళ్లి చూసొచ్చే మనిషిని, చుట్టమో స్నేహితుడో, ఒకరిని పెట్టుకోండి.

మొదటి రోజు ఏం పంపాలి?

ఒక జత బట్టలు, తువ్వాలు, డైపర్లు వాడితే మూడు, మందులు చీటీతో, కళ్లజోడు, వినికిడి యంత్రం, దాని బ్యాటరీ, జారని చెప్పులు, ఆధార్ నకలు, ఇద్దరి ఫోన్ నంబర్లు. అన్నిటి మీదా పేరు రాయండి. కట్టుడు పళ్లకు డబ్బా పంపండి, ఎక్కువగా పోయేవి అవే. బంగారం వద్దు.